రెండో కొస

మొన్న పొద్దున వేలూరులో మా మేడ మీద వడియాలు పెడుతుంటే నెత్తిన ఆ కూత వినపడింది. సన్నగా, సాగదీసి, ఆకలేసిన పసిబిడ్డ ముక్కుతో ఏడ్చినట్టు ఉంటుంది. కోట అగడ్త మీద తిరిగే గరుడ పక్షులది ఆ కూత. ఈ ఊళ్ళో అదేం కొత్త కాదు. తెల్లతల, ఇటుకరంగు రెక్కలు కనపడగానే బండి తోలేవాడు కూడా పగ్గం ఒక చేతికి మార్చుకుని చెంపలు వేసుకుంటాడు. నేనూ తలెత్తబోయాను. అంతలో మెట్ల దగ్గర నుంచి మా కొత్త కోడలు, "అత్తా, పిట్టగోడ మీద కళుగు వాలిండాది" అంది. అరక్కోణం పిల్ల, గద్దను అరవంలోనే పిలుస్తుంది. పైమెట్టు మీదే బిక్కచచ్చి ఆగిపోయింది. ఆ ముఖం చూసి నా చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. నేను కాపురానికి వెళ్ళిన గుడియాత్తంలో ఒక వేసవి పొద్దున సరిగ్గా అదే ముఖం నాది. ఆ రోజు నా పక్కన మా అత్త చెంగమ్మ ఉండింది. ఆమెను ఎరగనివాళ్ళ కోసం ఆమె గురించి రాయాలని అప్పుడే అనిపించింది. మావాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని రాసేవాళ్ళు తక్కువ. పుట్టింట, లత్తేరిలో, మా నాన్న ఇసక పరిచి దిద్దించిన అక్షరాలు నాకు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి.

మా అత్త మనిషి పొట్టి, గొంతు పెద్దది. మాది నేతవాళ్ళ వీధి, ఈ చివర ఆమె నవ్వితే ఆ చివర మగ్గం మీద నాడె ఆగేది. మామ చిన్న వయసులోనే పోయాడు. మా వీధిలో ఆడవాళ్ళు రాట్నం తిప్పుతారు, కండెలు చుడతారు, గంజి పెడతారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేది మాత్రం మగవాళ్ళే. మామ పోయిన నెలకు, మాసికం అయిన మరునాడు ఆమె ఆ గుంటలో దిగి కూర్చుందట. చూడటానికి వచ్చినవాళ్ళతో, "ఆయన కాళ్ళు పెట్టిన చోటే కదా పెట్టినాను, మీకేం నొప్పి?" అందట. ఆ మగ్గం మీదనే కొడుకును పెంచింది. నేను మాఘమాసంలో కాపురానికి వచ్చేసరికి ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతుండేవి, ఒకటి మా ఆయనది, ఒకటి ఆమెది.

ఆమె నాకు మొదట నేర్పింది తెగిన పోగుకు ముడి వేయడం. ఒకరోజు ఆమె నీళ్ళు తాగడానికి లేచినప్పుడు పడుగులో ఒక పోగు తెగి ఉండటం చూశాను. మెప్పు పొందుదామని, వేలాడుతున్న కొసను అందిన ఇంకో కొసకు కట్టేశాను. ఆమె వచ్చి రెండు జానలు నేసిందో లేదో, చారల్లో ఎర్రపోగు వంకర తిరిగింది.

"ఏమే అమ్మణ్ణీ, యేం చేసినావిక్కడ?"

"పోగు తెగింటే ముడేసినా అత్తా."

"ముడేసినావు సరే, యెవురికేసినావు? పెండ్లికొడుకు యాడుండాడో చూడకుండా పక్కింటాయన్ను పీటల మీద కూకోబెట్టినావు కదే" అని పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె నేసినదంతా ఓపిగ్గా విప్పి, నా వేళ్ళు పట్టుకుని పడుగు వెనక్కి తీసుకుపోయింది. "పోగు తెగితే రెండు కొసలుంటాయి. నీ చేతికి దొరికింది ఒకటే. రెండోది యాడుండాదో చూసినాకనే ముడి. దొరకలేదా, దొరికేదాకా మగ్గం నిలబెట్టు." అప్పుడది నాకు నేతపని పాఠం మాత్రమే.

మా వీధి వెనక కౌండిన్య నది ఒడ్డున పెద్ద మద్దిచెట్టు ఉండేది. దాని తలమీద గరుడ జంట గూడు కట్టుకుంది. మేము ఊడ్చిపారేసిన నూలు కొసలు, ఎరుపూ నీలమూ, ఆ గూట్లోంచి వేలాడుతూ కింద నుంచే కనపడేవి. "మన నూలే కట్టుకుని మనకే దర్శనమిస్తా ఉండాయి" అని మా అత్త మురిసిపోయేది. గూట్లో పిల్లలున్నాయని కూతను బట్టి తెలుసు గాని, అవి ఎట్లా ఉంటాయో మాలో ఎవరూ చూసి ఎరగరు. చిత్రి నెల ఎండల్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చి మద్దిచెట్టును వేళ్ళతో సహా పెకలించింది. వాన వెలిశాక వెళ్ళి చూస్తే కొమ్మల కింద గూడు చెదిరిపోయి ఉంది. ఒక పిల్ల చచ్చిపడి ఉంది, తడిసి బురదై రంగే తెలియడం లేదు. తల్లీతండ్రీ పైన తిరుగుతూ ఒకటే కూత.

తెల్లవారి లేచేసరికి మా ఇంటి పెంకుల మీద ఒక గద్ద కూర్చుని ఉంది. మట్టిరంగు ఒళ్ళు, ముఖాన తెలుపన్నది లేదు. గరుడ పక్షి వాలితే మావాళ్ళు హారతి ఇస్తారు. వట్టి గద్ద వాలితే మాత్రం ఇల్లు పాడుపెట్టి పోవాల్సిందే, శాంతి చేయించి కొన్ని నెలలైనా దీపం పెట్టకూడదు. వీధంతా మా వాకిట్లో చేరింది. పిల్లలు రాళ్ళు ఏరుకున్నారు. మా కులపెద్ద మునస్వామి పెద్దయ్య కర్ర ఊనుకుంటూ వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఇట్లాంటిది పట్టించుకోనందుకే తన చిన్నప్పుడు అన్న పోయాడని ఆయన గట్టి నమ్మకం.

"చెంగమ్మా, ఇల్లు విడవాల. తప్పదు" అన్నాడు. తర్వాత నావైపు చూడకుండానే అన్నాడు, "కొత్తగా కాలు పెట్టింది ఈ బిడ్డే కదమ్మా. కొన్నాళ్ళు లత్తేరికి పంపిస్తే మంచిది."

కొన్నాళ్ళని పంపించినవాళ్ళను మళ్ళీ పిలిపించుకోని ఇళ్ళు నాకు తెలుసు. మా ఆయన వైపు చూశాను. ఆయన తలవంచుకుని, "పెద్దయ్య చెప్పినాక యేముండాదమ్మా" అన్నాడు. ఆ మాటకు ఆయన మీద నాకొచ్చిన కోపం చాలా ఏళ్ళు పోలేదు. ఇల్లు విడవడమంటే మగ్గాలు విడవడమే, గుంట మగ్గాన్ని ఎత్తుకుపోలేం గదా. అయినా నాకు ఆ పూట మగ్గాలు గుర్తే లేవు. నన్ను గడప దాటిస్తారు, అదొక్కటే.

మా అత్త చాలాసేపు పైకే చూస్తూ నిలబడింది. చివరికి, "పెద్దయ్యా, ఇది ఒక కొసే. రెండోది యాడుండాదో చూసేదాకా నా ఇంట్లోంచి ఎవురూ యాడికీ పోరు" అంది.

"పిచ్చి మాట్లాడవద్దమ్మా, గద్దకు కొసేంది?"

"అది యాడనుంచి వచ్చింది, యెవురిది, అది తెలియాల కదప్పా."

నన్ను రాట్నంతో సహా వాకిట్లో తన పక్కన కూర్చోబెట్టుకుంది, అందరికీ కనపడేటట్టు. ఆ పూటంతా చూశాం. పెంకుల మీది పక్షి ఎగరడం లేదు, రెక్కలు విప్పి మళ్ళీ ముడుచుకుంటుంది, నోరు తెరిచి ఏడుస్తుంది. అవతల గరుడ జంట పడిపోయిన చెట్టు మీదికి చేప తెచ్చి, గూడున్న చోట వాలి, దిక్కులు చూసి, చేపతోనే లేచిపోతున్నాయి. ఒకసారి మా ఇంటి మీదుగా కిందికి దిగబోయి, వాకిట్లో జనాన్ని చూసి పక్కకు తిరిగిపోయాయి. మా అత్త నా మోచెయ్యి గిల్లింది. "చూసినావా? మనం ఉండామని రాలేదు అవి."

వెంటనే లేచి ఆ గొంతుతో వీధినంతా ఖాళీ చేయించింది. పిల్లల చేతుల్లో రాళ్ళు కింద పెట్టించింది. మునస్వామి పెద్దయ్యను మాత్రం చెయ్యి పట్టుకుని ఎదురింటి లోపలికి తీసుకుపోయి కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఆయన గొణుగుతూనే కూర్చున్నాడు. ఆమె వెనక నేనూ నక్కాను. వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు, ఒక్క మగ్గం కూడా ఆడలేదు.

కాసేపటికి తెల్లతల గరుడ పక్షి వచ్చి మా పెంకుల మీద వాలింది. ముసలాయన అలవాటు చొప్పున లేచి నిలబడి, కళ్ళు మూసుకుని చెంపలు వేసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఆ పక్షి కాలికింద చేపను చీల్చి, ఆ మట్టిరంగు పిల్ల నోట్లో పెడుతోంది. రెండోది కూడా వచ్చి పక్కన వాలింది. పిల్ల రెక్కలు ఆడిస్తూ గుటుక్కుమని మింగుతోంది.

"పెద్దయ్యా" అంది మా అత్త నెమ్మదిగా, "పెట్టిన దణ్ణం యెవురికి పెడితివి?"

ఆయన కిటికీ ఊచలు పట్టుకుని మళ్ళీ చూశాడు. "గరుడుడి బిడ్డ ఇట్లుంటాదని నాకెట్ల తెలుస్తాదమ్మా" అన్నాడు. తర్వాత పిల్ల వైపు కూడా చేతులు జోడించాడు. బయటికొచ్చి, నా ముందు ఆగి, "నువ్వు పొయ్యి మీద యెసురు పెట్టుపో తల్లీ" అని వెళ్ళిపోయాడు.

గూడు పోయిన ఆ సంసారం మా ఇంటి పైకప్పు మీదే నెగ్గుకొచ్చింది. కొన్నాళ్ళు తల్లీతండ్రీ తెచ్చి తినిపించాయి. ఆ తర్వాత తల్లి చేప పట్టుకుని ఎదురుగా కొబ్బరిచెట్టు మీద కూర్చుని ఊరించేది, రమ్మంటే రాదు, ఇమ్మంటే ఇవ్వదు. పిల్ల పెంకుల మీద గెంతి గెంతి, ఏడ్చి ఏడ్చి, ఒకరోజు దభీమని ఎగిరి ఆ మట్ట మీద పడింది. వీధంతా గొల్లున నవ్వింది. చలికాలం వచ్చాక ఆ జంట ఆ కొబ్బరిచెట్టు మీదనే పుల్లలు చేర్చడం మొదలుపెట్టాయి. మా అత్త గోడ మీద నూలు కొసలు పరిచేది. ఎర్రవి ముందు పోయేవి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కండెలు చుడుతూ, మనసులో ములుకులా ఉన్న మాట అడిగేశాను. "అత్తా, ఒకవేళ అది నిజంగా వట్టి గద్దే అయ్యుంటే?"

ఆమె చేతిలో పని ఆపలేదు. "వట్టి గద్దకు మాత్రం అమ్మ ఉండదా?" అంది. కాస్త ఆగి, "నువ్వడిగేది అది కాదు. నిన్ను పంపిందునా అనే కదా? పంపను. ఊరంతా పొమ్మనింటే నేనూ నీతోనే లత్తేరి రైలెక్కుందును. మీ నాయన నాకు కూడా సంగటి పెట్టడా యేంది?" అంది. నేను నవ్వబోయి ఏడ్చాను. మా అమ్మ పోయాక నన్ను అంత గట్టిగా పట్టుకున్నవాళ్ళు లేరు.

మా అత్త పోయి చాలా ఏళ్ళయింది. మగ్గాలు దాయాదుల చేతికి వెళ్ళాయి, నేను కొడుకు దగ్గర వేలూరు వచ్చి చేరాను. కొత్తగా ఎవరేం తెచ్చి నా ముందు పెట్టినా, అది మనిషి మీద చాడీ అయినా సరే, నా వేళ్ళు ముందు పడుగు వెనక్కే పోతాయి.

మొన్న చెయ్యి కడుక్కుని మా కోడల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. పిట్టగోడ మీది పక్షి మట్టిరంగుదే. "కూకో అమ్మణ్ణీ, దీని రెండో కొస యాడుండాదో చూద్దాం" అన్నాను. ఆ పిల్లకు నా మాట అర్థం కాలేదు. కాసేపు ఆకాశం చూసి, "ఏదీ రాకపోతే అత్తా?" అంది.

"రాకపోతే రాకపోనీ. నువ్వు మాత్రం యాడికీ పోవు" అన్నాను. ఆమె నా కొంగు పట్టుకుంది. వడియాల పిండి ఎండిపోతున్నా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.