పెట్టెలోకి వెళ్ళిన కొత్త అనువాదం

ఈ రోజు ముంచింగిపుట్టు దగ్గర మా సంఘ పెద్ద సోమన్న తాతను సమాధి చేశాం. అక్కడ పోయినవాళ్ళ బైబిలు వాళ్ళతోనే శవపెట్టెలో పెడతారు. తాత చేతిలోని పాత అనువాదం చెదలకు తప్ప ఎందుకూ పనికిరాదని నిరుడు బైబిలు క్లాసులో అందరి ముందూ అన్నది పాస్టరునైన నేనే. కొత్త అనువాదమూ, దాన్ని వివరించే ఒక లూథరన్ వ్యాఖ్యానమూ ఇచ్చి చదవమన్నాను. ఇవాళ ఆయన భార్య ఆ రెండింటినీ, ప్లాస్టిక్ కవరు కూడా విప్పనివాటిని, తెచ్చి శవం పక్కన పెట్టింది.

“కొత్త పుస్తకాలమ్మా, చెదలు తినేస్తాయి,” అన్నాను.

“పాతదాన్ని సెదలకెయ్యమన్నది తవరే గదా బాబూ? ముందు తవరిది తిననీండి. మా ముసిలోడు సదివింది నా కాడుంటాది.”

ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వేశారు. ప్రార్థన చదివి, నా పుస్తకాల మీద మొదటి పిడికెడు మన్ను నేనే వేశాను.

మీరూ ఎవరికైనా మంచి పుస్తకాలు చదవమని ఇచ్చారా? ఎక్కడున్నాయో ఓసారి కనుక్కోండి.