మాట మింగేసిన టీవీ, మిగిలిన నా వేలు

హిందీ రాష్ట్రంలోని ఓ కర్మాగారంలో కొలత పరికరాలు సరిచూసే ఇంజనీరుగా రిటైరయ్యాక, మా కాలనీ సెక్టారు రామాలయంలో శనివారం భజనలు నడుపుతున్నాను. నా మేనకోడలు మాధవి మరో అమ్మాయితో కలిసి జీవిస్తోంది. నిరుడు అలాంటివారి సమాన హక్కుల కోసం పవర్ హౌస్ బజారు దగ్గర ప్రదర్శన జరిగింది. "భక్తులెవరూ మా పక్క నేరు అంటారు మావయ్యా, నువ్వు రావా?" అని మాధవి అడిగింది. ఇస్త్రీ పంచె కట్టి, నామం నిట్టనిలువుగా దిద్దుకుని వెళ్లాను.

టీవీ విలేఖరి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. "వీళ్లూ రాముడి బిడ్డలే. వీళ్లను వేరుగా చూడడం తప్పు, తప్పు!" అని చూపుడువేలు ఊపుతూ హిందీలో దంచేశాను.

సాయంత్రం భజన బృందాన్ని ఇంటికి పిలిచి, గర్వంగా టీవీ పెట్టాను. తెర మీద నేనున్నాను, నా గొంతు లేదు. ఊగుతున్న నా వేలి మీద వార్తల అమ్మాయి గొంతు వినిపించింది: "ప్రదర్శనపై భక్తుల ఆగ్రహం."

"బాగా గడ్డి పెట్టారు గురూగారూ!" అన్నాడు హార్మోనియం అప్పారావు.

అంతలో మాధవి ఫోన్ చేసింది. "నువ్వేటన్నావో నాను విన్నాను మావయ్యా. ఊరందరికీ ఏటి చెప్పమంటావ్?"

ఉద్యోగమంతా పరికరాల ముల్లు సరిగ్గా చూపుతోందా అని పరీక్షించినవాణ్ని, నా వేలు ఏం చూపుతోందో గమనించలేదు.

మరుసటి శనివారం 'నేను ప్రదర్శనకారుల పక్షం' అని హిందీలో రాసిన అట్ట మెడలో వేసుకుని భజనకు కూర్చున్నాను. అప్పారావు హార్మోనియం మూసి వెళ్లిపోయాడు. మాధవి, ఆమె సహచరి వచ్చి తాళాలు అందుకున్నారు. ఇద్దరికీ తాళజ్ఞానం శూన్యం. దిద్దబోయి, లేచిన వేలిని గబుక్కున గుప్పిట్లో దాచుకున్నాను.