నానక్‌రామ్‌గూడ పోచయ్యలు

జాతర్లలో చెప్పులు కాచేవాడిని ఎప్పుడైనా గమనించారా? తోలు చెప్పులైనా, రబ్బరువైనా, పట్నం బూట్లైనా వాడికి ఒకటే. జత తీసుకుని బిళ్ళ ఇస్తాడు. బిళ్ళ చూపిస్తే ఆ జతే తెచ్చి మీ ముందు పడేస్తాడు. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఇంత నికార్సైన ఏర్పాటు మరొకటి కనబడదు. రామచంద్రం కంప్యూటరుకు నేర్పాలనుకున్నది సరిగ్గా ఈ విద్యే.

డెబ్బై నాలుగు నాటి మాట. ఇవాళ అద్దాల మేడలు నిలబడ్డ నానక్‌రామ్‌గూడలో అప్పుడు బండలూ, సీతాఫలం పొదలూ, జొన్న చేలూ. అక్కణ్ణుంచి సైకిలు మీద లింగంపల్లి, లింగంపల్లి నుంచి రైల్లో పట్నం చేరి, రామచంద్రం ఒక కంప్యూటర్ కేంద్రంలో ఫోర్ట్రాన్‌ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాసేవాడు. రాయడమంటే కార్డులకు చిల్లులు పొడవడం. ఆ కార్డుల కట్టను యంత్రం ముందుగా తన భాషలోకి మార్చుకుంటేగాని పని మొదలయ్యేది కాదు.

ఆఫీసులో జీతాల విభాగం నంబరు ఇచ్చి మనిషిని వెతికేది. మందుల విభాగం పేరు ఇచ్చి సీసాను వెతికేది. వెతుకులాట ఒకటే అయినా ఎవరి ప్రోగ్రాము వారిది, ఎవరి తప్పులు వారివి. రామచంద్రం అందరికీ కలిపి ఒకటి రాశాడు. మీరు ఏ గుర్తు చెప్పినా సరే, దానికి జతగా దాచినది తెచ్చి ఇస్తుంది.

పై అధికారి నరసింహమూర్తి గారిది అమలాపురం వైపు. నవ్వుతూనే నరికే మనిషి.

"సోమవారం అందరి ముందూ నడిపించండి. నడిస్తే ఉమ్మడి బీరువాలో పెడదాం, విభాగాలన్నీ వాడుకుంటాయి. నడవకపోతే మాత్రం ఇక దీని ఊసెత్తకుండా జీతాల పని చూసుకోవాలండి మీరు" అన్నారు.

పరీక్షకు రామచంద్రం తన ఊరినే ఎంచుకున్నాడు. రైతు పేరు చెబితే అతని బావి మోటరు ఎంతదో యంత్రం చెప్పాలి. తెలిసిన ఊరు కనుక తప్పొస్తే ఇట్టే దొరుకుతుందని ధీమా.

దొరికింది. సోమవారం అచ్చయి వచ్చిన కాగితం చూసి నరసింహమూర్తి గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏమండీ, మీ ఊళ్ళో బావులెవరైనా ఎత్తుకుపోయారా? సగం లేవు."

"ఉన్నయి సార్. అందరు పోచయ్యలే. ఒకని జాగల ఇంకొకడు కూసున్నడు."

పోచమ్మకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఇంకే పేరు పెడతారు? కొత్త పోచయ్య వచ్చినప్పుడల్లా యంత్రం పాత పోచయ్యను చెరిపేసింది. అలా చెరిగిపోయినవాళ్ళలో చింతబావి రైతు, తన తండ్రి కూడా ఉన్నాడని రామచంద్రం చెప్పాడు.

"ఇంటిపేరు కలపండి."

"అది గూడ ఒక్కటే సార్. ఒక్క తాత మనవలు."

"పేర్లలో ఇంత పొదుపు మావైపు లేదండి. పోనీ, అందరికీ నంబర్లు వేసెయ్యండి."

"నంబర్లేస్తే జీతాలోళ్ళ ప్రోగ్రామే అయితది సార్. ఇగ నాదేముంది?"

"రేపటిదాకా చూడండి. ఆ తర్వాత కట్ట తీసెయ్యండి."

ఆ సాయంత్రం ఊరి దగ్గర సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే ఖాజాగూడ సాయిలు ఎదురయ్యాడు.

"రామచంద్రం, పోచయ్య ఇంటికాడ ఉన్నడా?"

"ఏ పని మీదొచ్చినవ్? నీళ్ళకా, సంబంధానికా?"

"సంబంధానికే. మా తమ్మునికి."

"అయితె కొల్లూరు అల్లుడు పోచయ్య. గా యాపచెట్టు ఇల్లు. నీళ్ళకైతె చింతబాయి పోచయ్య, మా నాయన."

సాయిలు వెళ్ళిపోయాడు. రామచంద్రం మాత్రం సైకిలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఊళ్ళో అందరూ అడిగే ప్రశ్నే అది. నీళ్ళ మాటైతే బావితో, పెళ్ళి మాటైతే అత్తవారి ఊరితో మనిషిని గుర్తిస్తారు. ఏ పోచయ్య అన్నది తేల్చేది పేరు కాదు, వచ్చిన పని. తన ప్రోగ్రామేమో ఇద్దరూ ఒకరా కాదా అని తేల్చే పెత్తనం తనే నెత్తికెత్తుకుంది. ఆ పెత్తనం అడిగేవాడికే వదిలేస్తే?

మర్నాడు అదే చేశాడు. వెతికే పని ప్రోగ్రాముది. రెండు గుర్తులు ఒకటేనా అని తేల్చే చిన్న ముక్కను మాత్రం ఎవరికివారు రాసి దాని చేతికివ్వాలి. జీతాలవాళ్ళు నంబరు పోల్చుకుంటారు, మందులవాళ్ళు పేరు పోల్చుకుంటారు, నానక్‌రామ్‌గూడవాళ్ళు పేరూ బావీ కలిపి పోల్చుకుంటారు. అతని ప్రోగ్రాముకు ఇవేవీ తెలియనక్కర్లేదు.

కాగితం వచ్చింది. నరసింహమూర్తి గారు వేలు పెట్టి వరసగా చదువుతూ ఒకచోట ఆగారు.

"చింతబావి పోచయ్య. మీ నాన్నగారు దొరికారండి" అని, తనే లేచి బీరువా తాళం తీశారు.

ఆ కట్టకు ఆఫీసులో పోచయ్య అనే పేరు స్థిరపడింది. "పోచయ్యనడిగారా?", "పోచయ్య ఇవాళ మొండికేశాడు" అని రామచంద్రం తండ్రిని ఎన్నడూ చూడనివాళ్ళు కూడా అనేవారు. ఆ కార్డులు ఇప్పుడు లేవు. చింతబావి మీద ఒక మేడ కార్లు నిలుపుకుంటోంది. చెప్పులు కాచేవాళ్ళు మాత్రం ఇంకా కనిపిస్తున్నారు.

బీరువా తెరిచిన రోజు ఇంటికెళ్ళి రామచంద్రం తండ్రితో చెప్పాడు.

"నాయనా, ఆఫీసుల నా ప్రోగ్రాముకు నీ పేరు పెట్టిండ్రు. పోచయ్య అంటున్నరు."

ముసలాయన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"ఏ పోచయ్య?" అన్నాడు.