ముందు తన వేలు

ఉప్పు కొట్టు పెట్టుకుందామని నాన్న మమ్మల్ని ఎడ్లబండి మీద అరకు కొండలెక్కించాడు. వానల్లో చుట్టూ గెడ్డవాగులు పొంగితే మేం దిగిన ఊరు లంకే. తమ్ముడి దగ్గుకని ఓ కొండ ముసలామె తేనె తెచ్చేది. సొరబుర్ర మూత తీసి, వేలు ముంచి, ముందు తనే నాకేది.

"ఎంగిలి సేసి ఇత్తావేటి?" అని అమ్మ వెనక్కి పంపేసేది. మందేదో పెడుతోందని అనుమానం. తమ్ముడు దగ్గుతూనే ఉండేవాడు.

ఓసారి ఆమె కదల్లేదు. "నాను తిన్నాక గదా, ఇసం లేదని నీకు తెలుస్తాది? మా కొండల్లో అలాగే ఇస్తాం" అంది.

అమ్మ తేనె తీసుకుంది. లోటాలో చల్ల పోసి, ముందు తను ఓ గుక్క తాగి ఆమెకిచ్చింది.

ఆమె వెంటనే తాగలేదు. అమ్మ మొహమే చూస్తూ కూచుంది. అమ్మ పడిపోదని నమ్మకం కుదిరాకే లోటా ఎత్తింది.