పెద్దమ్మ పోలిక

కంప్యూటర్లోకి ఏదైనా కొత్త సదుపాయం వచ్చిందంటే ఇంటికి కొత్త చుట్టం వచ్చినంత సంబరపడే వయసు ఒకటుండేది నాకు. అప్పుడే బిలాస్‌పూర్‌లో ఓ కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ఉద్యోగానికి చేరాను. రైల్వే కాలనీలో మా వరసలో ఇంటర్నెట్ తీగ లాగించిన మొదటి మొనగాణ్ణి నేనే. (రెండోవాడు మా పక్క క్వార్టర్ ఆయన. ఆయన్ని అడిగితే వరస తారుమారు చేసి చెబుతాడు, నమ్మకండి.) పైసా పుచ్చుకోకుండా లోకమంతా గాలించి పెట్టే వెతుకులాట పెట్టె ఒకటి, ఫొటోలు సర్దిపెట్టేది ఒకటి, ఊళ్ళన్నిటి పత్రికలనూ ఒకే చోట కుప్ప పోసేది ఇంకొకటి. వీటిని తయారుచేసే మహానుభావులు ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని, తోచనప్పుడల్లా వాటికి ఏదో ఒక కొత్త హంగు తగిలిస్తూ ఉండేవారు. ఆ హంగును బిలాస్‌పూర్‌లో మొట్టమొదట వాడి చూడాల్సిన బాధ్యత నాదేనని నాకు గట్టి నమ్మకం. వాడి ఊరుకుంటే బాగుండేది. ఇంటిల్లిపాదినీ కుర్చీల్లో కూలేసి మరీ చూపించేవాణ్ణి.

మా నాన్న గూడ్స్ గార్డు. శ్రీకాకుళం పక్కనుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడిన రైల్వే కుటుంబం మాది. విశాఖపట్నం నుంచి వచ్చే తెలుగు పేపరు ఆయన చేతికి అందేసరికి అందులోని వానలు వెలిసిపోయి, నాయకులు మాట మార్చేసి ఉండేవారు. అలాంటి మనిషికి వార్తలు కుప్పపోసే ఆ పేజీ చూపించి, "ఇదిగో, ఇవాళ పొద్దున్న ఇచ్ఛాపురంలో కురిసిన వాన" అన్నప్పుడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తర్వాత డ్యూటీ దిగి యూనిఫాం విప్పకుండానే దాని ముందు కూర్చునేవారు. వెతుకులాట పెట్టెలో రెండక్షరాలు కొట్టగానే మిగతాది అదే పూర్తిచేయడం మొదలుపెట్టిన రోజున మాత్రం ఆయన కాస్త భయపడ్డారు.

"మనం అడక్కముందే మన మనసులో ఏటుందో దీనికి తెలిసిపోతాదేటిరా?" అన్నారు.

"అవును నాన్నా."

"మరయితే మీ అమ్మకీ దీనికీ తేడా ఏటి?"

వంటింట్లోంచి గరిటె చప్పుడు వినిపించింది. అదే అమ్మ జవాబు.

ఆ పరిస్థితుల్లో వచ్చిందండీ, ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే సదుపాయం. మన ఫొటోలన్నీ దాని చేతిలో పెడితే, ఒకే మనిషి ముఖాలన్నీ ఏరి ఒక గుంపు చేస్తుందట. అనుమానం వచ్చిన చోట రెండు ముఖాలు పక్కపక్కన పెట్టి, ఈ ఇద్దరూ ఒకరేనా అని మనల్నే అడుగుతుందట. ఆ సంగతి చదివాక నాకు అన్నం సయించలేదు. శిక్షణ కేంద్రంలో బతిమాలుకుని స్కానర్ ఇంటికి తెచ్చాను. ట్రంకుపెట్టెలోని ఆల్బమ్‌లన్నీ, అమ్మ పెళ్ళి ఫొటోలతో సహా, కంప్యూటర్లోకి ఎక్కించాను. అదే కంప్యూటర్లో మరో ఫొటో కూడా ఉంది. నెహ్రూ నగర్‌లో ఉండే ఓ బ్యాంకు ఉద్యోగి గారమ్మాయిది. విజయనగరం వాళ్ళు. మా సంబంధాల మావయ్య (మా అమ్మకు వరసకి తమ్ముడు, నాకు పెళ్ళి చేసేదాకా నిద్రపోనని ఒట్టు పెట్టుకున్నవాడు) ఈమెయిల్లో పంపాడు. అందరి సంబంధాల ఫొటోల్లాగా స్టూడియోలో కుండీ పక్కన నిలబడినది కాదది. డాబా మీద ఎవరో ఏదో అంటే ఆ పిల్ల పక్కకి తిరిగి నవ్వుతోంది. ఆ అన్నవాడెవరో, ఏమన్నాడో తెలుసుకోవాలని నాకు అప్పటికే తెగ ఆరాటంగా ఉంది. ఇంట్లో మాత్రం "చూద్దాంలే" అని పెద్దమనిషిలా అన్నాను.

ఆదివారం సాయంత్రం ప్రదర్శన ఏర్పాటు చేశాను. నాన్న, అమ్మ, పక్క క్వార్టర్ ఆయన ప్రేక్షకులు. "ఇది మనిషి కన్ను కాదు, పొరబడదు. మనకి తెలీని పోలికలు కూడా పట్టేస్తుంది" అని ఉపన్యాసం ఇచ్చి మీట నొక్కాను. అది కాసేపు గింజుకుని నాన్న ముఖాలన్నీ ఒకచోట, నావి ఒకచోట పేర్చింది. పక్కింటాయన "అరే వాహ్!" అన్నాడు. నేను చొక్కా సర్దుకున్నాను. అప్పుడు అది మొదటి ప్రశ్న అడిగింది. తెర మీద రెండు ముఖాలు. ఒకటి నెహ్రూ నగర్ అమ్మాయి. రెండోది, కొత్తకోడలిగా ఉన్నప్పటి మా పెద్దమ్మ.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి చెప్పాలి. ఆవిడ నాన్నగారి అన్నయ్య భార్య, మా అమ్మకు తోటికోడలు. పెదనాన్న ఉద్యోగం బిల్హా స్టేషన్లో. లోకల్ బండి ఎక్కితే ఎంతో సేపు పట్టని దూరం. అయినా అమ్మా, పెద్దమ్మా మాట్లాడుకోక ఏళ్ళయింది. నా చిన్నప్పుడు ఏదో పూజకి అమ్మ పనసపొట్టు కూర వండితే, పెద్దమ్మ పంక్తిలో అందరూ వినేలా "ఉప్పెయ్యడం మర్చిపోనావేటే?" అందట. అంతే. ఆ తర్వాత వాళ్ళ మధ్య మాటల రాకపోకలన్నీ అన్నదమ్ముల నోటి మీదుగానే నడిచేవి.

అమ్మ తెరకేసి చూసింది. నాకేసి చూసింది. కొంగు దులుపుకుని లేచింది.

"ఆ సంబంధం వద్దని మీ మావయ్యకి చెప్పీ" అంది.

"అమ్మా, అది ఉత్త అనుమానం. ప్రశ్న అడిగిందంతే!"

"మనిషి కన్ను కాదు, పొరబడదని నువ్వే కదరా అన్నావు? మెషీనే చెప్పీసింది. ఒక్క ముఖంతోనే వేగలేక సచ్చేను. ఇంకో ముఖం నా ఇంట్లోకి తెచ్చుకుంటానేటి?"

మావయ్యకి ఆవిడే ఫోను చేసేసింది. నేను ఆ మెషీను ఎంత తెలివితక్కువదో నిరూపించడానికి పూనుకున్నాను. (నిన్నటిదాకా దాన్ని పొగిడిన నోటితోనే.) వెతగ్గా వెతగ్గా మంచి సాక్ష్యం దొరికింది. నాన్న యార్డులో ఇంజను ముందు నిలబడ్డ ఫొటో. ఆ ఇంజను దీపాలను కళ్ళనుకుని అది చుట్టూ గడి గీసి, ఇదీ నాన్నేనా అని అడిగింది! పరుగున అమ్మకి చూపించాను.

"చూశావా? ఇంజన్నీ నాన్ననీ ఒకటే అంటోంది!"

అమ్మ తాపీగా చూసింది. "జన్మంతా ఆటితోనే తిరిగితే ఆ పోలిక రాదేటి? సరిగ్గానే చెప్పింది."

నాన్న వార్తలు చదువుకుంటూ ఏమీ విననట్టు కూర్చున్నారు. అయితే ఆయన ఊరుకునే రకం కాదు. రైల్వే ఫోన్లో బిల్హాకి కబురు చేరవేశారు. మర్నాడు నేను డ్యూటీకి బయలుదేరుతుంటే గుమ్మంలో పెద్దమ్మ. ముఖం కందగడ్డలా ఉంది. చేతిలో ఘుమఘుమలాడే దుబ్‌రాజ్ బియ్యం సంచి. (ఎంత కోపంగా వచ్చినా ఉత్తచేతులతో రాకూడదు కదా.)

"ఒరే, నా ముఖంతో పుట్టినందుకు ఓ ఆడపిల్లకి సంబంధం తప్పిపోయిందంటన్నారు. ఆ ముఖమేటో, దానికొచ్చిన లోటేటో నేనూ సూస్తాను. తియ్యి నీ మెషీను" అంది.

అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది. "ఒరే, మీ పెద్దమ్మని ముందు కూకుని మంచినీళ్ళు తాగమను" అంది నాతో.

"ఒరే, నేను నీళ్ళు తాగడానికి రాలేదని మీ అమ్మకి చెప్పు."

ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం కూడా లేదు. అయినా నేను ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోశాను. మోస్తూనే కంప్యూటర్ పెట్టి, ఆ రెండు ముఖాలూ తెచ్చి, పెద్దవి చేసి చూపించాను. పెద్దమ్మ ముందు ఆ పిల్లని చూడలేదు. తన ముఖాన్నే చూసింది. కోపంగా వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లిగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అచ్ఛా... అప్పుడు నేనిలగ ఉండీదాన్నా?" అంది. ఆవిడ దగ్గర ఆ ఫొటో లేదు. ఉన్నదొక్కటీ మా ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది.

"ఆ కట్టుకున్న చీర నాది" అంది గడప దగ్గరనుంచి అమ్మ. నాతో కాదు.

"నీదే. కుచ్చిళ్ళు కూడా నువ్వే పెట్టేవు. నాకు నిలిచీవి కావు."

నేను కంప్యూటర్ వెనక తీగలేవో సర్దుతున్నట్టు నటించాను.

"బాగుండీదానివి" అంది అమ్మ, అంటూనే గొంతు పెంచింది. "బాగుండీదానివి కాబట్టే కదా, ఎవరొచ్చినా అత్తగారు నిన్ను సావిట్లో కూకోబెట్టి మా కోడలని చూపించీవోరు! నన్ను వంటింట్లోంచి పిలిచీవోరే కారు!"

"ఆఁ, నన్ను చూపించీవోరు. నీ వంట తిని నిన్ను మెచ్చుకుని ఎల్లీవోరు. ముఖాన్ని ఎన్నాళ్ళు మెచ్చుకుంటారే? కూర అడిగినోళ్ళంతా నిన్నే అడిగీవోరు. నాకు మండదేటి? అందుకే ఆవేళ అలగన్నాను."

"ఏటన్నావు?"

"ఉప్పు లేదన్నాను."

"లేదా మరి?"

పెద్దమ్మ తెరకేసి చూస్తూ, "సరిగ్గానే ఉందే" అంది.

ఆ క్షణం ఇద్దరూ ఒకర్నొకరు కౌగలించుకున్నారని రాస్తే బాగుంటుంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. అమ్మ గట్టిగా, "విన్నారా! విన్నారా!" అని పడకగదిలో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న నాన్నను లేపేసింది. కోర్టులో కేసు గెలిచినట్టు ఇల్లంతా తిరిగింది. తర్వాత వెళ్ళి పెద్దమ్మ తెచ్చిన బియ్యమే ఎసట్లో పోసింది. భోజనాల దగ్గర పెద్దమ్మ రెండోసారి కూర వేయించుకుంటూ తీర్పు చెప్పింది. "ఫొటో చూసి ఏటి తెలుస్తాది? పిల్లని చూద్దాం పదండి. నా పోలికో కాదో నేనే చెప్తాను."

అలా ఒకసారి వద్దన్న ఇంటికే, వద్దన్న మనిషీ, ఎవరి కారణంగా వద్దన్నారో ఆ మనిషీ కలిసి ఆటోలో బయలుదేరారు. మధ్యలో నేను. ముందు సీట్లో డ్రైవరు పక్కన సంబంధాల మావయ్య, ఆ పిల్ల తండ్రికి ఏం సంజాయిషీ చెప్పాలో గొణుక్కుంటూ. నెహ్రూ నగర్‌లో ఆ ఇంటివాళ్ళు మర్యాదగానే కూర్చోబెట్టారు గానీ, టీ కప్పులు బల్ల మీద పెట్టిన చప్పుడులో కోపం తెలుస్తూనే ఉంది. అమ్మాయి వచ్చి కూర్చుంది. పెద్దమ్మ ఎడమవైపు నుంచి చూసింది. లేచి వెళ్ళి కుడివైపు నుంచి చూసింది. ఆ పిల్ల బెదిరిపోయి వాళ్ళమ్మకేసి జరిగింది.

"లేదు" అంది పెద్దమ్మ నీరసంగా. "ముక్కు వేరు. కళ్ళు వేరు. నా పోలిక ఏటీ లేదు."

అప్పుడు చూడాలి మా అమ్మని! "లేదేటక్కా? సరిగ్గా సూడు! ఆ గడ్డం నీదే. నవ్వితే పెదవి అలగే ఒంపు తిరుగుతాది. అచ్చం నువ్వే!" అని, బిత్తరపోయిన ఆ పిల్లతో, "నువ్వొకసారి నవ్వమ్మా, మా అక్కకి చూపిద్దాం" అంది. ఆ పిల్ల ఇక ఆపుకోలేక నిజంగానే నవ్వేసింది. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "ఆఁ... ఉన్నట్టే ఉందే" అంది.

కాసేపటికి పెద్దవాళ్ళు మమ్మల్నిద్దర్నీ డాబా మీదికి పంపారు. నేను మొదటినుంచీ జరిగినదంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీరు వద్దన్నారని చెప్పారు, క్యోం అన్నది ఎవరూ చెప్పలేదు" అంది. "మా అమ్మ ఏడ్చింది. నేను ఆ ఫొటో ముందేసుకుని, ఇందులో ఏం ఖరాబుందా అని అదే పనిగా చూసుకున్నాను, తెలుసా?"

నా ఉత్సాహమంతా ఎటు పోయిందో తెలీలేదు. ఇంట్లో కుర్చీలు వేసి నేనాడిన ఆటలో అవతలి వైపు ఒక మనిషి ఉందని అప్పటిదాకా నాకు తోచనే లేదు. క్షమించమని అడిగాను. ఏం మాటల్లో అడిగానో గుర్తులేదు గానీ, కంప్యూటర్ గురించి ఒక్క మాట కూడా ఎత్తకుండా అడిగానని మాత్రం గుర్తుంది. ఆమె పిట్టగోడకి ఆనుకుని, "చలో, ఠీక్ హై. నేను కూడా ఒకటి చేశానులెండి" అంది.

"ఏమిటి?"

"వెతుకులాటలో ఫొటో పెడితే అలాంటివే వెతికే కొత్త ఫీచర్ వచ్చింది కదా? మీ మావయ్య పంపిన మీ ఫొటో పెట్టి చూశాను."

"ఏం వచ్చింది?"

"అన్నీ గోబీ పువ్వులే."

(ఆ రోజుల్లో నా జుట్టు ఉంగరాలు తిరిగి గుబురుగా ఉండేదని మనవి. అది కాలీఫ్లవర్‌లా తెల్లగా కనపడాలని నేనేమీ పౌడరు చల్లుకోలేదు. స్టూడియోవాడి వెలుగు చేసిన ఘనకార్యం అది. వెనక ఆకుపచ్చ తెర కూడా కట్టాడు.)

ఇద్దరం ఎంత గట్టిగా నవ్వామంటే కింద నుంచి సంబంధాల మావయ్య "ఏటైందిరా?" అని కేకేశాడు. తర్వాత ఆమె, అంత కొత్త సదుపాయం తనకంటే ముందు నాకు తెలియకపోవడం ఏమిటని నన్ను నిలదీసింది. నిజమే, ఆ పెళ్ళిగొడవలో పడి నేను ఆ వారం చూసుకోలేదు! నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు. మెట్లు దిగేలోపే నిశ్చయమైపోయింది. కింద ఉన్నవాళ్ళకి ఆ సంగతి చెప్పడమే మిగిలింది. అక్కడ అమ్మా, పెద్దమ్మా వియ్యపురాలికి పనసపొట్టు కూర ఎలా వండాలో ఒకరి మాటకి ఒకరు అడ్డంపడుతూ చెబుతున్నారు.

పెళ్ళయింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఊరి చివర మోప్కా వైపు ఇల్లు కట్టుకున్నాం. నాన్నకి వార్తలు కుప్పపోసిన ఆ పేజీని దాన్ని నడిపేవాళ్ళు ఎప్పుడో ఎత్తేశారు. కొన్నాళ్ళు ఆయన చుట్టాన్ని రైలెక్కించి వచ్చినట్టు తిరిగారు. ఇప్పుడు కొత్త హంగులు మనం పడుకుని ఉండగా ఫోన్లోకి వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. మొన్న కూడా ఫొటోల్లో ఏదో కొత్త మీట కనపడితే నా ప్రాణం లేచివచ్చింది. అందరినీ పిలిచి చూపిద్దామని హాల్లోకి గబగబా వచ్చాను. నా భార్య, పిల్లలు తలలు వంచి ఎవరి ఫోనులో వాళ్ళు అప్పటికే ఆ మీట నొక్కి చూసుకుంటున్నారు. తెరిచిన నోరు అలాగే మూసుకుని, కేకేసినంత మాత్రాన ఇంటిల్లిపాదీ చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చునే భాగ్యం అనుభవించిన ఆ కుర్రవాణ్ణి తలచుకుని, నాలో నేనే నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళాను.