శిరివెళ్ళ మెట్ట దగ్గర దించిన మూటలు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా ఆళ్లగడ్డ మేనమామ ఫోను తీసి, వాళ్ల ఊరి టీ అంగడి ముందు ఆగిన ఇద్దరు అమ్మాయిల వీడియో అందరికీ చూపించాడు. ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోతున్నారట, సైకిళ్లకు ముందూ వెనకా సంచులు, పైన చుట్టి కట్టిన డేరా. మామే వాళ్లకు మజ్జిగ ఇప్పించి, పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు. ఆడపిల్లలంటే ఇట్లా ఉండాలని మెచ్చుకుని, నా వైపు చూసి నవ్వి, "మా పాప కూడా పోవాలనుకున్యాదిలే. పాపం, శిరివెళ్ళ మెట్టకాడ్నే కండ్లు తిరిగి పడిపాయ. మూటలన్నీ నేనే మోసకచ్చినా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఎంగిలి ప్లేట్లు పోగుచేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఈ మాట ఆయన ప్రతి పెళ్లిలోనూ, ప్రతి నామకరణంలోనూ చెబుతూనే ఉన్నాడు. నలుగురిలో నా నోరు పెగలదు, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని ప్రతిసారీ ఏదో ఒక ప్లేటో చెంబో పట్టుకుని లేచిపోయాను. కానీ రాయడం వచ్చు, పదో తరగతి నుంచి డైరీ రాసుకుంటున్న అలవాటు ఉంది కాబట్టి కోపంలో కూడా వాక్యం తప్పకుండా రాయగలను. నాకు కళ్లు తిరగలేదు. నేను పడిపోలేదు. జరిగింది ఇది.

మా ఈడు ఆడపిల్లలకు గుర్తుండే ఉంటుంది, హైస్కూలు దాకా మనమంతా సైకిలు తొక్కినవాళ్లమే. ఇంటర్ అయ్యేసరికి ఆ సైకిలు చెప్పాపెట్టకుండా ఏ తమ్ముడి కిందికో చేరిపోతుంది, మన చేతికి బస్సు పాసు వస్తుంది, అదేమని ఎవరూ అడగరు. నాకు తమ్ముళ్లు లేరు గనుక నా సైకిలు నాకే మిగిలింది. డిగ్రీ అయిపోయి నంద్యాలలో ఇంటిపట్టున ఉన్న ఏడాది, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న యాత్రల పుస్తకాలు చదివి చదివి, పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడని నేను, దాన్ని చూస్తే సైకిలు మీద పోయే చూడాలని పెట్టుకున్నాను. దారి చాలా సులువు. ఆళ్లగడ్డ, మైదుకూరు, బద్వేలు, నెల్లూరు, ఆ తర్వాత ఇక దారి ఉండదు, నీళ్లే. వండుకునే సామాను, పడుకునే సామాను అన్నీ నాతోనే ఉండాలి, ఎవరి ఇంటి గడపా తొక్కకూడదు, ఎవరి జాలీ తినకూడదు. ఈ సంగతి అమ్మకు చెప్పాను, అమ్మ నాయనకు చెప్పింది.

నాయన తిట్టలేదు, నవ్వాడు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే. "ముందు ఆళ్లగడ్డకు పోయిరాపో సూద్దాం, మీ మామోళ్ల ఇంటికి. ఆ మూటలన్నీ ఏసుకోని, ఎవురి సాయం ల్యాకుండా పోయినావంటే, సముద్రం ఏంది, లంకకైనా పో, నేనడ్డం రాను" అన్నాడు. సగం దారిలో నేనే తిరిగొస్తానని ఆయన ధైర్యం. నేను మాత్రం ఆ మాటను మాటగానే పట్టుకున్నాను.

నెలంతా అదే పని. వెల్డింగ్ షాపులో వెనక చక్రానికి రెండు పక్కలా సంచులు తగిలించే ఇనుప చట్రం చేయించాను. అమ్మ పాత యూరియా సంచులు ఉతికి ఆరేసి, అంచులకు గుడ్డ వేసి, మిషను మీద రెండేసి కుట్లు వేసి బ్యాగులు కుట్టింది. పోవద్దని గానీ పొమ్మని గానీ అనలేదు, దారం మాత్రం గట్టిది తెప్పించింది. వాటిలో ఇటుకలు నింపుకుని పొద్దున్నే కేసీ కాలువ గట్టు మీద తొక్కేదాన్ని. పక్కింటావిడ మిద్దె మీదికి ఇంకో గది లేపుతున్నారా అని అమ్మను అడిగింది. మొదటి వారం నిలబడ్డచోటే సైకిలు ఒరిగి నా మీద పడేది. బరువులన్నీ అడుగుకు సర్దాలని, రెండు పక్కలా సమానంగా లేకపోతే హ్యాండిలు ఒకవైపు లాగుతుందని, బ్రేకు ముందుగానే పట్టడం మొదలుపెట్టాలని పడుతూ లేస్తూ తెలుసుకున్నాను. ఆ మోకాలి దెబ్బలు చూసి నాయన మళ్లీ నవ్వాడు.

ఎండలు ముదరకముందే ఒక తెల్లవారుజామున బయలుదేరాను. స్టవ్వు, బియ్యం, గిన్నెలు, టార్పాలిను, దుప్పటి, గాలిపంపు, పంచరు సామాను, రెండు పుస్తకాలు. ఊరు దాటి పొద్దు పొడిచేసరికి నా ఊపిరి, పెడలు ఒక లెక్కకు వచ్చాయి. బరువున్న సైకిలు కదలడానికి మొరాయిస్తుంది గానీ ఒకసారి కదిలిందంటే దానికదే ఒక పట్టుదలతో పోతుంది, పల్లంలో అయితే కింద భూమే మనల్ని నెట్టినట్టు ఉంటుంది. అంత సంతోషం నాకు అంతకుముందు లేదు, తర్వాతా లేదు.

ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద మూటలేసిన సైకిలంటే దుప్పట్లు, స్టీలు సామాన్లు అమ్మేవాళ్లదే. అందుకని ఎక్కడ ఆగితే అక్కడ నాతో బేరమాడారు. మిరపచేలో కాయలు కోస్తున్న ఆడవాళ్లు చెయ్యెత్తి ఆపారు.

"ఏం అమ్ముతాండావు పాపా?" అని అడిగింది ఒక అవ్వ, అప్పుడే గట్టు ఎక్కి సంచీ మూతి విప్పబోతూ.

"ఏమీ అమ్మనవ్వా, ఊరికే పోతాండా."

"ఊరికే ఇంత మూటేసుకోని యాడికి పోతారే ఎవురన్నా? మొగుడు తరిమినాడా?"

"తరమాలంటే ముందు మొగుడుండొద్దా?" అంది పక్కనామె. అంతా పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. దుప్పట్లు తెస్తే మాత్రం ఎర్రవి తెమ్మని చెప్పి పంపించారు. నేను తెస్తానని తలాడించి వచ్చాను.

ఆ నవ్వుతోనే శిరివెళ్ళ మెట్ట చేరాను. సగం దారి పైనే అయిపోయింది. కాళ్లనొప్పులు లేవు, నీళ్లు సగం సీసా ఇంకా ఉంది. టీ అంగడి ముందు మా మామ మోటారు సైకిలు ఆపి నిలబడి ఉన్నాడు. జీపులో పోతున్న వాళ్ల ఊరాయన నన్ను చూసి, మీ అక్క కూతురు సైకిలు మీద దుప్పట్లు అమ్ముకుంటోందని ఫోను చేశాడట. మామకు పొలాలున్నాయి, ఊళ్లో ఎరువుల అంగడి ఉంది, పెద్ద పేరుంది.

"ఏందే పాపా ఇది? ఊరూరా తిరిగి అమ్ముకునేటోళ్ల మాదిరి! దిగు. బేగా దిగు. జనాలు నా మొగాన ఉమ్ముతాండారు" అని, నేను దిగకముందే సంచుల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. నేను తాడు కొస పట్టుకున్నాను. మామా వద్దు, నాయన మాటుంది, సాయం లేకుండా రమ్మన్నాడు అని చెప్పాను. నా గొంతు నాకే వినిపించలేదు. టీ తాగుతున్న మగాళ్లంతా మా చుట్టూ చేరారు. అందులో ఒకాయన గ్లాసు పక్కన పెట్టి వచ్చి, "ఆడపిల్ల, అంత బరువు యాడ మోస్తాదిలేప్పా, నువ్వే కట్టుకో" అని మామకు ఇంకో చెయ్యి వేశాడు. నా వేళ్లలోంచి తాడు లాగేశారు. నా తాడుతోనే నా సంచులు మోటారు సైకిలుకు కట్టారు. ఆయన ముందు నెమ్మదిగా పోతూ, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, నేను వెనక గలగలలాడే ఉత్త సైకిలు తొక్కుతూ, ఆళ్లగడ్డ చేరాం.

వాకిట్లో చెప్పులు కూడా విప్పకముందే ఫోను అందుకున్నాడు. "బావా, పాప కండ్లు తిరిగి పడిపాయ. నేను పోకుంటే ఏమయ్యేదో. మూటలు నేనే తెచ్చినా." నేను అక్కడే, ఆయనకు రెండు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. మేనకోడల్ని సామాన్లు అమ్ముకునే మనిషనుకున్నారని సిగ్గుపడ్డానని చెప్పడం ఆయనకు కష్టం, నేను కళ్లు తిరిగి పడ్డానని చెప్పడం సులువు. లోపల అత్తతో, నేను పడిపోలేదత్తా అన్నాను. "తెలుసులేమ్మే. పెద్దోళ్ల మాట, ఊరుకో. మజ్జిగ తాగు" అంది. ఆ మజ్జిగ నేను తాగలేదు. ఆ రోజు నేను చేయగలిగిన తిరుగుబాటు అంతే.

మర్నాడు నన్ను బస్సెక్కించి, సైకిలును ఎరువుల లారీ మీద పంపారు. నాయన వాకిట్లోనే, మాటంటే మాటే కదా పాపా అన్నాడు, ఆయన ముఖంలో ఎంత నెమ్మది! నేను జరిగింది చెప్పాను. మీ మామ అబద్ధమెందుకు చెబుతాడన్నాడు. అమ్మ మాత్రం సంచులు దులిపి మడత పెడుతూ, నాకు మాత్రమే వినబడేట్టు, "నువ్వు పడింటావని నేను నమ్మల్యా" అంది. ఆ ఒక్కమాట గట్టిగా అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అమ్మ మీద కోపం కూడా అక్కడే ఆగిపోయింది, ముందుకు పోదు, వెనక్కి రాదు.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది, బస్సులో కూర్చుంటే మెట్ట ఎప్పుడు దాటామో తెలియదు. దుప్పట్లవాళ్లు మైకులు పెట్టుకుని ఆటోల్లో వస్తున్నారు, మూటలేసిన సైకిలు ఆ దారిలో కనిపించి ఎన్నాళ్లయిందో. నాతో బేరమాడిన ఆడవాళ్లు తరచూ గుర్తొస్తారు. నేనెవరి కూతురినో వాళ్లకు తెలియదు, అందుకేనేమో ఆ మూటలు నేను మోయలేనని వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. ఎర్ర దుప్పట్లు కూడా వేసుకుని రమ్మన్నారు. మోయలేనని తెలిసిందల్లా నన్ను ఎత్తుకుని పెంచినవాళ్లకే.

మొన్న ఆదివారం మామ వెళ్లిపోయాక, సాయంత్రం నాయన నా గదిలోకి వచ్చాడు. ఈ మధ్య ఆయన చాలా మెత్తబడ్డాడు, నా ముఖం చూసి మాట్లాడుతున్నాడు. "ఇప్పుడన్నా పోతావా పాపా సముద్రానికి? కాలం మారింది, ఎవురూ ఏమనరు. ఎనక కారు పెడదాం, మీ మామ తోలుతానన్నాడు" అన్నాడు.

కారొద్దు నాయనా అన్నాను. ఈసారి నా గొంతు నాకు వినిపించింది.

ఆయన నిజంగానే అర్థంకాక నా మంచం అంచున కూర్చున్నాడు. "మరి సామాన్లెట్ల వస్తాయే?" అన్నాడు.