పలుచబడిన డిస్కు

కల్వకుర్తిలో శ్రీశైలం రోడ్డు పక్కన జాఫర్ షెడ్డు ఉండేది. ఇరవై ఏళ్లుగా జీపులకూ అంబాసిడర్లకూ డ్రమ్ము బ్రేకులు బాగుచేసిన చెయ్యి అతనిది. భార్య హలీమా పోయాక అతని దగ్గర కూర్చుని నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఒక్కడే మిగిలాడు. యాత్రికులను శ్రీశైలం తీసుకుపోయే మారుతీ కారు డ్రైవరు భిక్షపతి.

1993 ఎండాకాలంలో ఆ కారు ముందు చక్రాల బ్రేకు డిస్కులకు గాట్లు పడ్డాయి. డ్రమ్ముకు గాట్లు పడితే లేతు యంత్రం మీద చెక్కించి నునుపు చేయడం జాఫర్‌కు అలవాటైన పని. డిస్కులనూ అట్లాగే రెండు వైపులా చెక్కించాడు. పక్క సీట్లో కూర్చుని, ఊరి బయట చదును రోడ్డు మీద బ్రేకు వేయించి చూశాడు. బండి ఉన్నచోటనే నిలిచింది.

నాలుగో రోజు భిక్షపతి తిరిగొచ్చాడు.

"ఈగలపెంట ఘాటు రోడ్డు దిగుతుంటే బ్రేకు పెడలు మెత్తగై నేలకు తాకింది భాయ్. గుట్టకు ఒరిపిచ్చి ఆపిన. ఎనుక కూసున్న అవ్వ, 'మల్లన్న దర్శనం గిక్కడ్నే చేపిస్తవా బిడ్డా' అన్నది. దిగి చక్రాల కింద రాళ్లు పెట్టిన. బ్రేకు నూనె పాతదేమో?"

జాఫర్ చక్రం విప్పాడు. డిస్కు నీలిరంగుకు తిరిగింది. దాని అంచును వేళ్లతో పట్టుకునేసరికి సంగతంతా తెలిసింది. డిస్కు సత్తువ దాని మందంలో ఉంది. రాపిడి వేడిని మింగి, తిరుగుతూ గాలికి వదలాలి. పలుచబడిన ఇనుము ఆ వేడిని ఓర్చుకోలేక నూనెకు ఎక్కించింది. నూనె మరిగి బుడగలు కట్టడంతో కాలి బలం డిస్కు దాకా చేరలేదు. చదును రోడ్డు మీద ఒక్కసారి ఆపితే ఇది బయటపడదు.

నూనెదే తప్పంటే భిక్షపతి నమ్మేవాడు. ఎప్పటిలాగే రేపూ షెడ్డుకు వచ్చేవాడు.

"నూనె మంచిగనే ఉంది," అన్నాడు జాఫర్. "గీ డిస్కును డ్రమ్ము లెక్క చెక్కిచ్చిన. తప్పు నాదే."

భిక్షపతి వంగి డిస్కు అంచును తడిమి చూశాడు. "నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోతుండె," అన్నాడు.

జాఫర్ పట్నం పోయి కొత్త డిస్కులు తెచ్చి బిగించాడు. పక్క సీటు తలుపు తీయబోతే భిక్షపతి చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు భాయ్. ఘాటు దాకా నేనొక్కన్నే పోయి చూసుకుంట."

ఆ తర్వాత కారు షెడ్డు ముందు ఆగలేదు. ఒక్కోరోజు గొర్ల మంద అడ్డొచ్చి షెడ్డు పక్క చౌరస్తాలో నిలిచేది. జాఫర్ పానా కింద పెట్టి చెవి ఒగ్గేవాడు, చక్రాల వైపు చూసేవాడు. బ్రేకు కీచుమనేది కాదు, బండి ఒక పక్కకు గుంజేది కాదు. మంద దాటాక గేరు పడిన చప్పుడు వినిపించేది, కారు శ్రీశైలం వైపు సాగిపోయేది.